వీపు చూపే మర్యాద

తూర్పు సముద్రం ఒడ్డున, కొండ మీద ఒక విద్యాలయం ఉండేది. ఆయుధం లేకుండా కాళ్ళతో, చేతులతో పోరాడే విద్య అక్కడ నేర్పేవారు. యుద్ధంలో గురువు చనిపోయాడు, శిష్యులు చెదిరిపోయారు. మిగిలింది ఇద్దరే: పెద్ద శిష్యురాలు, ఆమె చేతికింద ఎదిగిన చిన్న శిష్యుడు.

గెలిచిన రాజు ఇద్దర్నీ పిలిపించాడు.

"నా సైన్యానికి ఒక్క గురువు చాలు. తలపడండి. బతికినవాళ్ళే గురువు. కాదంటే ఇద్దరూ ఉండరు," అన్నాడు.

కోట ముందు ఇసక పరిచిన బరిలో, సైనికులంతా చూస్తుండగా, ఇద్దరూ దిగారు. తల వంచి, కళ్ళు నేలకు దించి, ఒకరికొకరు నమస్కరించుకున్నారు. ఎదుటివాడి మీదనుంచి చూపు తీసేయడమే ఆ విద్యలో తొలి పాఠం. నిన్ను నమ్ముతున్నానని చెప్పడం అది.

చాలాసేపు పోరాడారు. ఒకరి దెబ్బలు ఒకరికి కొత్త కాదు. ఇంతలో ఆమె నడికట్టు వదులైంది. బట్ట సర్దుకోవాలంటే వీపు తిప్పి సర్దుకోవాలి, ఎదుటివాడు ఆగాలి. అదీ అక్కడి మర్యాదే. ఆమె వీపు తిప్పింది.

అతను ఆగాడు. చెమటకు మెడకంటుకున్న ఆమె జుట్టు కనిపిస్తోంది. నడికట్టు కట్టుకోవడం అతనికి నేర్పింది ఆమే. ఆమె మోచేతులు ఒక్కసారి బిగిసి కిందికి దిగాయి. ముడి పడింది. ఆమె మాత్రం తిరగలేదు.

"అయిందా అక్కా?"

"ఇంకా లేదు తమ్ముడూ."

తనని బతకమంటోందో, తన మీద అంత నమ్మకమో అతనికి తెలియలేదు. తెలిసేదాకా ఆగే గుండె లేకపోయింది. కొట్టాడు.

అతను గురువయ్యాడు. సైనికులకు దెబ్బలన్నీ నేర్పాడు. బట్ట సర్దుకోవడానికి ఎవడైనా అటు తిరిగితే, "ఇటు తిరిగే కట్టుకో," అనేవాడు. నమస్కారం కూడా నేర్పాడు. "తల వంచండి. కళ్ళు వంచకండి. ఎదుటివాడి మెడ మీదే ఉంచండి." ఎక్కడ కూర్చున్నా గోడకి ఆనుకునే కూర్చునేవాడు. చూసి చూసి వాళ్ళకీ అదే అలవాటైంది.

ఒకనాడు రాజు సైన్యాన్ని చూడ్డానికి వచ్చి, బరి ఎదుట కోట మెట్ల దగ్గర ఆసనం మీద కూర్చున్నాడు. ముందు గురువు, వెనక సైన్యం. అందరూ తల వంచారు. వందల కళ్ళు పైకి లేచి రాజు మెడ మీద నిలిచాయి. రాజు చెయ్యి తనకు తెలియకుండానే కంఠం మీదికి పోయింది.

"వీళ్ళకి మర్యాద నేర్పలేదా?"

"నా దగ్గర మిగిలింది నేర్పాను, ప్రభూ."

రాజు లేచాడు గానీ, వాళ్ళకి వీపు తిప్పలేకపోయాడు. ముఖం ఇటే ఉంచి, అడుగు వెనక అడుగు వేసుకుంటూ, కాలితో మెట్లు తడుముకుంటూ కోటలోకి పోయాడు. తలుపులు మూసుకున్నాయి.

గురువుకి నవ్వొచ్చింది. అది పెదవి దాకా రాకముందే ఒక సంగతి తట్టింది. ఇంతసేపూ తన వీపు వాళ్ళవైపే ఉంది. తను ఎలా గురువయ్యాడో వాళ్ళలో ప్రతివాడూ చూసినవాడే.

వెనక ఇసక కదిలింది.

తిరిగి చూడొచ్చు. చూస్తే ఏ కళ్ళు కనబడతాయో అతనికి తెలుసు. వాటిని తయారుచేసింది తనే. ఇన్నేళ్ళకు మొదటిసారి కళ్ళు నేలకు దించి, అలాగే నిలబడ్డాడు.