చిటికెన వేలి మందు ఊరంతా ఎందుకు తిరుగుతుంది?

ఒకప్పుడు మందుకి కాళ్ళుండేవి. నవ్వకండి, నిజంగానే ఉండేవి! మోకాలు నొప్పని గుళిక మింగారనుకోండి, అది నోట్లో దిగి, "మోకాలి ఇల్లెక్కడండీ?" అని నాలుకని అడిగి, తిన్నగా అక్కడికే వెళ్ళేది. పక్కింటి వైపు కన్నెత్తి చూసేది కాదు. నొప్పి కూడా చిటికెలో పోయేది.

ఆ రోజుల్లో సముద్రం ఒడ్డున నూకాలు అని చేపలమ్ముకునే ఆవిడ ఉండేది. ఆవిడ ఒళ్ళే ఒక ఊరు. అందులో పొట్టక్క, పేగు మావ, కాలేయం పెద్దమ్మ, ముక్కు బావ, కవలపిల్లలు కళ్ళు, ఇంకా బోలెడుమంది కాపురముండేవాళ్ళు. ఆ ఊరికో కట్టుబాటు ఉంది. ఏ ఇంటికి ఏ తీపి వచ్చినా, చిటికెడైనా సరే, అన్ని ఇళ్ళకీ పంచాలి. ఒక్క ఇల్లు తప్పిందా, ఇక ఆ ఇంటివాళ్ళ అలక తీర్చడం ఎవరి తరమూ కాదు.

పంచే పని నెత్తురమ్మది. పాపం, ఆవిడకి కూచునే యోగం లేదు. వెనకనుంచి గుండె మావ "పద, పద, పద" అని తోస్తూనే ఉంటాడు. ఊరంతా తిరిగి తిరిగి ఆఖరికి ఎడమకాలి చిటికెన వేలి ఇంటికి చేరేది. అంత దూరం ఇంకెవరూ వెళ్ళరు. అందుకని ఆ వేలికి చుట్టమైనా పక్కమైనా నెత్తురమ్మే. "చిట్టీ" అని ముద్దుగా పిలుచుకునేది.

ఒకరోజు పొద్దున్నే నూకాలు గంపలోంచి జెల్ల చేప జారిపడింది. దాని ముల్లు సూటిగా చిట్టిలో దిగింది. వేలు వాచి వంకాయలా అయింది. నాటుమందులిచ్చే సన్యాసమ్మ వచ్చి చూసి పెదవి విరిచింది.

"ఏటే నూకాలూ, ఇంత వాపేటే! ఇదిగో, ఈ గుళికలుంచు, ముందొకటి మింగు. పొద్దు గుంకేలోపు వాపు తీసిందా, సరే. తియ్యలేదా, వేలు తీసెయ్యాల్సిందే."

చిట్టి నెత్తురమ్మ కొంగు పట్టుకుంది.

ఆ గుళిక చేదంటే మామూలు చేదు కాదు. అందుకని సన్యాసమ్మ దాన్ని తేనెలో ముంచి ఇచ్చింది. అక్కడే వచ్చింది తంటా అంతా! గుళికగారు కొత్తల్లుడిలా నిగనిగలాడుతూ నోట్లో దిగారు. "చిటికెన వేలి ఇల్లెక్కడండీ?" అనడిగారు.

ముక్కు బావ గట్టిగా పీల్చాడు. "ఓరి నాయనో, తేనె! ఇన్నాళ్ళూ మన గుమ్మం ముందునుంచే తేనె వెళ్ళిపోతోందర్రా! మనకొక్కరైనా చెప్పారా?"

"ముల్లు గుచ్చుకుంటే మిఠాయా?" అంది కుడికన్ను. "నిన్న నాలో నలక పడింది. నాకేం పెట్టారు?"

పొట్టక్క దారికడ్డంగా చతికిలబడింది. "పంచితేనే దారిస్తాను. కట్టుబాటంటే కట్టుబాటే."

"అది మిఠాయి కాదే అక్కా, మందు! చేదు విషం!" నెత్తురమ్మ నెత్తీ నోరూ కొట్టుకుంది.

"ఆఁ, దాచుకు తినేవాళ్ళు అలాగే అంటారు," అన్నాడు పేగు మావ.

ఇలా వాదించుకుంటుంటే వాపు మడమదాకా పాకింది. చిట్టి నీరసంగా పిలిచింది. "పిన్నీ, నన్ను తీసేస్తారా? తీసేస్తే నువ్వు మళ్ళీ మా ఇంటికి రావా?"

ఆ మాటతో నెత్తురమ్మకి ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. "సరే! పంచుతాను. కానీ ఒకసారి వాటా పుచ్చుకున్నాక, మళ్ళీ ఎప్పుడొచ్చినా వద్దనకూడదు. ఒట్టెయ్యండి!"

"తేనె వద్దంటామా? మేమేమన్నా పిచ్చివాళ్ళమా?" అంటూ అందరూ గుండె మావ మీద ఒట్టేశారు.

పొట్టక్క గుళికని లాక్కుని గరగరా తిప్పి జావ చేసేసింది. మొదట దాని కాళ్ళు కరిగిపోయాయి. పైనున్న తేనెంతా పొట్టక్కే నాకేసింది, మనలో మాట. మిగిలిన జావని పేగు మావ వడగట్టి నెత్తురమ్మ కుండలో పోశాడు.

దారిలో కాలేయం పెద్దమ్మ గుమ్మం. "ఊళ్ళోకి ఏం పోవాలన్నా ముందు నేను రుచి చూడాలి," అని ఇంత దోసెడు తీసి నోట్లో పోసుకుంది. ఆవిడ మొహం ఎండిన ఉసిరికాయ అయిపోయింది. కానీ తానొక్కతే మోసపోయానని చెప్పుకుంటుందా?

"అబ్బ... అమృతం!" అంది, గుటక పడక.

ఇక చూడండి రభస! ముక్కు బావ "థూ థూ" అన్నాడు. నాలుక బయటికి వేలాడింది. చెవులు గుయ్యిమన్నాయి. కళ్ళిద్దరూ మత్తుగా మూతలుపడ్డారు. ఇంతమందికీ పంచాక చిట్టికి మిగిలింది ఒక్క నలుసు. వాపు అణువంత తగ్గింది, అంతే.

"నూకాలమ్మా, ఇంకో గుళిక పంపమ్మా!" అని కేకేసింది నెత్తురమ్మ.

"వద్దు బాబోయ్!" ఊరంతా ఒక్కసారే గోల.

"గుండె మావ మీద ఒట్టు ఏమైంది?"

ఇంకో గుళిక దిగింది. ఆ తర్వాత మరొకటి. అప్పుడు మొదలైంది అసలు విశేషం. అప్పటిదాకా చిట్టి పేరైనా తెలియనివాళ్ళంతా ఇప్పుడు ఒకటే పరామర్శ! "చిట్టీ, తగ్గిందామ్మా? కాస్త తగ్గించుకో తల్లీ, నీకు పుణ్యముంటుంది!" మత్తులోనే కళ్ళు వంగి వంగి చూశారు. చెయ్యొచ్చి నిమిరింది. నోరు ఉఫ్ ఉఫ్ అని ఊదింది.

పొద్దు గుంకే వేళకి సన్యాసమ్మ కత్తి పట్టుకుని వచ్చింది. వేలు చూసింది, నొక్కింది. "తగ్గిపోనాదే!" అని కత్తి మళ్ళీ రొంటిన దోపుకుంది.

చిట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. "నా కోసం ఊరంతా చేదు తిన్నారు!"

"తిన్నాం కానీ," అంది కాలేయం పెద్దమ్మ, "ఇకనుంచి కాస్త చూసుకుని నడు."

అప్పటినుంచే మందుకి కాళ్ళు లేవు. ఎక్కడ నొప్పి వచ్చినా సరే, అది పొట్టలో కరగాలి, పేగులో వడగట్టుకోవాలి, కాలేయం పెద్దమ్మ వాటా పెద్దమ్మకివ్వాలి, నెత్తురమ్మ వెంట ఊరంతా తిరగాలి. అందుకే మింగగానే తగ్గదు. అందుకే మళ్ళీ మళ్ళీ వేసుకోవాలి. జలుబుకని మందేసుకుంటే కళ్ళు మూతలు పడేదీ అందుకే.

ఇంకో సంగతి కూడా ఉంది. అప్పటినుంచే చిటికెన వేలు గుమ్మానికి తగిలిందంటే చాలు, నోరు "అమ్మా!" అని అరుస్తుంది, కళ్ళకి నీళ్ళొస్తాయి, చెయ్యి ఉరికొచ్చి పట్టుకుంటుంది. చిట్టి మీద ప్రేమేనా? ప్రేమే, ఎందుకు కాదూ! కాకపోతే, మళ్ళీ గుళిక వస్తుందేమోనని భయం కూడాను.