ముక్కులో సీసం

పట్టుదలకీ మొండితనానికీ తేడా ఏమిటని ఇందుమతి అడిగితే పరాంకుశం మాస్టారు జవాబు చెప్పలేదు. అడిగిన వెంటనే జవాబు చెప్పే అలవాటు ఆయనకు ఏనాడూ లేదు. డ్రాయింగు మాస్టారుగా రిటైరై, విశాఖలో తమ ఇంటి వరండాలో ఆదివారాలు పెద్దవాళ్ళకు ప్లాస్టిక్ నమూనా విమానాలు కట్టడం నేర్పుతున్నారు. ఎవరైనా ప్రశ్న వేస్తే వాళ్ళ చేతిలో ఉన్న పనివైపు ఓ చూపు విసిరి ఊరుకుంటారు.

ఇందుమతి చేతిలో ఉన్నది అరచేతిలో ఇమిడే న్యాట్ యుద్ధ విమానం. అరవై అయిదు యుద్ధంలో వాళ్ళ నాన్న మెకానిక్కుగా తుడిచి, నూనె పట్టి, పైకి పంపిన రకం అది. మర్నాడు ఆయనకు సహస్ర చంద్ర దర్శనం. చూపు పోయి చాలా ఏళ్ళయింది. చుట్టాలు శాలువాలు కప్పుతారు, తను మాత్రం ఆయన చేతిలో విమానం పెట్టాలని పట్టుబట్టింది. కుట్టుమిషను కూడా ముట్టనిదానివి, నీకెందుకీ మొండితనం అని ఇంట్లో ఆటపట్టించారు. ఆవిడ ప్రశ్న పుట్టింది అక్కడే.

ఆ ఉదయం చివరి చక్రం అతికించి బల్లమీద నిలబెట్టింది. విమానం కాసేపు ఆలోచించి, ముక్కు గాల్లోకెత్తి తోకమీద చతికిలబడింది. మళ్ళీ నిలబెడితే మళ్ళీ చతికిలబడింది. ఇందుమతికి అప్పుడు గుర్తొచ్చింది. ముక్కు కింద చక్రం ఉన్న విమానాలకు, ఒళ్ళు అతికించి మూసేముందే ముక్కులో కాస్త సీసం పెట్టాలి. లేకపోతే బరువంతా తోకవైపే లాగుతుంది. రంగుల ధ్యాసలో పడి ఆవిడ ఆ సంగతే మరిచిపోయింది.

పక్కన కూర్చుని నేర్చుకుంటున్న కోదండం తేలిగ్గా తీసేశాడు. "చక్రాలు ఓ చెక్కకి అతికించెయ్యండి మేడమ్, చచ్చినట్టు నిలబడుద్ది. మా ఇంట్లో మిగ్ విమానం అలాగే ఉంది, ఇంతవరకూ ఎవరూ కనిపెట్టలేదు."

"కళ్ళతో చూసేవాళ్ళు కనిపెట్టరు లెండి. మా నాన్న ఎత్తి చూస్తారు, దింపి చూస్తారు. చెక్కకి కట్టేసిన విమానం ఆయనకెందుకు?" అంటూ ఇందుమతి సన్నరంపం అందుకుంది.

"అమ్మో, విరిగిందంటే రేపటికి ఇంకోటి ఎక్కడ దొరుకుద్దండీ!"

ఆ భయం ఆవిడకూ ఉంది. అయినా పైలెట్ గదికి ముందు రంపం ఆనించి కోయడం మొదలుపెట్టింది. వారాల తరబడి పూతమీద పూత వేసిన వెండిరంగు పొట్టులా రాలుతుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ చెయ్యి ఆగలేదు. మాస్టారు రంపంవైపు ఓ చూపు విసిరి మళ్ళీ కుంచెలు కడుక్కోసాగారు. ముక్కు ఊడి వచ్చాక, గాలాలకు కట్టే సీసపు గుళ్ళు అందులో కూరి, జిగురుతో బిగించి, తిరిగి అతికించింది. అతుకు వేలికి తగలనంతవరకూ గరుకు కాగితంతో అరగదీసింది. జిగురు గట్టిపడ్డాక బల్లమీద పెట్టింది. విమానం మూడు చక్రాలమీదా నిలబడింది. నమ్మకం చాలక కోదండం బల్ల కుదిపి చూశాడు. అది చెక్కుచెదరలేదు.

ఇందుమతి ముఖం మాత్రం విప్పారలేదు. ముక్కు చుట్టూ రంగు పోయి, తెల్లగా కట్టు కట్టినట్టు ఉంది. "ఇంత చేసి ఇలా ఇస్తానా? రాత్రంతా మేలుకుని అయినా మళ్ళీ వెండిరంగు వేసేస్తాను," అని సీసా మూత తిప్పబోయింది.

మాస్టారు వచ్చి ఆ సీసా తీసి తన జేబులో వేసుకున్నారు.

"నువ్వు రంపం పట్టినప్పుడు నేను ఆపలేదు కదమ్మా. ఇప్పుడు ఆపుతున్నాను. రాత్రి వేసింది రేపటికి ఆరదు, పచ్చిరంగు మీ నాన్నగారి వేళ్ళకు అంటుకుంటుంది."