ఉడుత కొరికిన మామిడిపండు

ఒకానొక రాజ్యం. దానికి కోట చిన్నది, రాజుగారి మీసం పెద్దది. ఆ రాజు పేరు ఉద్దండవర్మ.

ఓడలో వచ్చిన పరంగి వర్తకుడొకడు పొరుగు రాజుకు ఒక పటం కానుకగా ఇచ్చాడు. పళ్లెం నిండా పళ్లు, వాటి చుట్టూ చిన్న చిన్న జీవాలు. చూసినవాళ్లు బొమ్మలోని ఈగను తోలబోయి నవ్వులపాలవుతున్నారట. ఆ మాట చెవిన పడ్డప్పటి నుంచి ఉద్దండవర్మకు తిండి సయించలేదు. ఆస్థాన చిత్రకారిణి ఎర్రసానిని పిలిపించాడు.

"అలాంటిదే నాకూ కావాలి. దానికంటే రెండు జానలు పెద్దదిగా."

బొమ్మను జానలతో కొలిచే రసికుడు మరి.

ఎర్రసాని ఆరు నెలలు కూర్చుని వేసింది. పగిలిన దానిమ్మ, దాని గింజల కోసం బారు తీరిన చీమలు. ద్రాక్ష గుత్తులు, పనస తొనలు, పళ్లెం అంచున ఒక బల్లి. నడిమధ్య మామిడిపండు, తోక ఎత్తుకుని దాన్ని కొరుకుతున్న ఉడుత.

తెర తీయగానే సభ "ఆహా" అంది. రాజు మీసం దువ్వబోయాడు. ఇంతలో ఆస్థాన పండితుడు వ్యాఘ్రేశ్వరశాస్త్రి గొంతు సవరించుకున్నాడు. ఆడది చేసిన పనిని నలుగురూ మెచ్చుకుంటుంటే ఆయన గొంతులో ఏదో అడ్డం పడుతుంది.

"ప్రభూ, ఉడుత కొరికిందంటే ఎంగిలి. ఏలినవారి ఎదుట ఎంగిలి పెట్టిన చేతికి బొటనవేలు ఉండకూడదని శాస్త్రం."

ఏ శాస్త్రమో ఎవరూ అడగలేదు. రాజు మొహం జేవురించింది.

"నాకు ఎంగిలి పండా? తీయండి వేలు."

బొటనవేలు పోతే కుంచె పట్టేదెలా? ఎర్రసాని చేతులు జోడించింది.

"చిత్తం ప్రభూ. ఒక్క మనవి. ఎంగిలి కాని పండు ఒక్కటంటే ఒక్కటి ఏలినవారు నా కళ్లెదుట తినండి. తిన్న మరుక్షణం వేలు నేనే ఇస్తాను."

"ఇంతేనా? తెప్పించు. తినకపోతే నీ వేలు నీదే" అన్నాడు రాజు.

తోటలోంచి అప్పుడే కోసిన మామిడిపళ్లు పళ్లెంలో వచ్చాయి. వెంటనే బసివయ్య ముందుకొచ్చాడు. రాజు తినే ప్రతిదీ ముందు తను కొరికి, విషం లేదని తేలాక అందించడం అతని కొలువు. ఆ కొలువులోనే పొట్ట పెంచాడు. అలవాటుగా పండు అందుకోబోయాడు.

ఎర్రసాని పళ్లెం వెనక్కి లాగింది. "నువ్వు కొరికితే ఎంగిలవుతుంది బసివయ్యా. పక్కకి జరుగు."

రాజు చెయ్యి చాచాడు. చాచిన చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. పొరుగు రాజులు, సవతి తమ్ముళ్లు వరసగా కళ్లముందు మెదిలారు.

"పోనీ శాస్త్రిగారూ, మీరొక పండు తిని ప్రభువులకు ధైర్యం చెప్పండి" అంది ఎర్రసాని.

"నాకివాళ ఏకాదశి."

"ఏకాదశికి తినేవి పళ్లే కదండీ."

శాస్త్రి పైకప్పు వంక చూస్తూ ఉండిపోయాడు.

ఎర్రసాని రాజు వైపు తిరిగింది. "సింహాసనం ఎక్కింది మొదలు ఏలినవారు ఎంగిలి కాని పండు తిననేలేదు. బసివయ్య కొరికితే రాచమర్యాద, ఉడుత కొరికితే అపచారమా? ఆ ఉడుతను చూడండి, కొరికాక కూడా నిక్షేపంగా ఉంది. జీతం అడగని బసివయ్యను వేశాను ప్రభూ, తప్పా?"

ఎర్రసాని పళ్లెంలోంచి ఒక రసం పండు తీసుకుంది. తీయమన్న ఆ బొటనవేలితోనే మెత్తగా నొక్కి, ముచ్చిక కొరికి, మోచేతి దాకా రసం కారేలా సగం జుర్రింది. మిగతా సగం రాజు ముందుకు చాచింది.

"ఇప్పుడు ఎంగిలయింది. ఇక ఏలినవారు నిర్భయంగా ఆరగించవచ్చు."

ఉద్దండవర్మ ఆమె వంక చూశాడు, పండు వంక చూశాడు. తలపాగా జారిపోయేంతగా నవ్వాడు. నవ్వుతూనే పండు అందుకున్నాడు. మీసమంతా రసమైంది.

తిన్నాక తన వేలి కెంపుటుంగరం తీసి ఎర్రసాని బొటనవేలికి తొడిగాడు. పటం భోజనశాలలో బసివయ్య పీటకు ఎదురుగా వేలాడింది. శాస్త్రిగారు మాత్రం ఆ మామిళ్ల కాలమంతా, సభలో పండు కనిపిస్తే చాలు, ఏకాదశి అన్నారు.