తుంగమ్మకు రెండు గట్లు

క్రోధన నామ సంవత్సరం, ఎండాకాలం. పాలవాగుకు ఇటు ఎర్రగట్టు అడవి, అటు నల్లగట్టు అడవి. ఇటు పెద్ద కొమ్ముల కణుజులు, దుప్పులు, కొండముచ్చులు ఉండేవి. అటు అడవిదున్నలు, ఎలుగులు ఉండేవి. నడుమ వాగులో నీళ్లకన్నా ఊబి ఎక్కువ.

రెండు అడవులకూ ఒక ఆచారం ఉంది. తెల్లవారగానే ప్రతి జంతువూ తన గట్టు మట్టిలో పొర్లాలి. ఆ వాసనను బట్టే మనవాడా, పరాయివాడా అని తెలుస్తుంది. ఎర్రగట్టులో చెట్టు మీద కొండముచ్చు కాపలా ఉండేది. ఎర్రమట్టి వాసన ఉన్నవాళ్లకు ఆపద వస్తే అది కేక వేసేది. ఆ కేక అందని జంతువు ఎన్నాళ్లో బతకదు.

తుంగమ్మ అనే అడవిపంది ఒంటిమీద మాత్రం రెండు రంగుల మట్టి ఉండేది. ఆమె నల్లగట్టులో పుట్టి, ఎర్రగట్టుకు కాపురానికి వచ్చింది. పిల్లలు నలుగురూ ఇక్కడే పుట్టారు. రోజూ మూతితో ఊబిని పొడిచి చూసుకుంటూ అవతలికి వెళ్లేది. తుంగగడ్డలు తవ్వుకుని, అక్కాచెల్లెళ్లను పలకరించి వచ్చేది. ఊబిలో గట్టినేల ఒకచోట నిలవదు. ఇవాళ ఉన్నది రేపటికి పక్కకు జరుగుతుంది. రోజూ నడిచేది ఆమె ఒక్కతే కాబట్టి దారి ఆమెకే తెలుసు.

ఆ వేసవిలో ఒక చిరుత దుప్పిపిల్లను ఎత్తుకుపోయింది. అడవంతా వణికింది. అది నల్లగట్టు నుంచే వచ్చిందని ఎవరో అన్నారు. ఊబిలో దానికి దారి చూపింది ఎవరని ఇంకెవరో అడిగారు. ఆ చిరుత ఎర్రగట్టు గుహలోనే పుట్టి పెరిగిందన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

అప్పటినుంచి తుంగమ్మ కనబడితే దుప్పులు మేత ఆపి పక్కకు జరిగేవి. ఆమె పిల్లలతో ఆడుకోవడానికి ఎవరి పిల్లలూ రాలేదు. ఆకు కదిలినా ఆమె పిల్లల్ని పొట్ట కిందికి లాక్కునేది.

చివరికి ఎర్రగట్టు పెద్ద అయిన కణుజు కొమ్ములయ్య అందరినీ పిలిపించాడు. తుంగమ్మ వచ్చి నిలబడింది.

"పొద్దున నల్లకోక, సాయంత్రం ఎర్రకోక కట్టే దొరసాని వచ్చింది. జరగండి, జరగండి," అంది కొండముచ్చు. అందరూ నవ్వారు.

కొమ్ములయ్య నవ్వలేదు. "రేపు రెండు గట్లకూ పోరు వస్తే నువ్వు ఎటు నిలబడతావు?" అని అడిగాడు.

"నా పిల్లల దగ్గర నిలబడతాను పెద్దయ్యా. కానీ అత్తింటికి వచ్చానని పుట్టింటి గడప తొక్కకుండా ఎలా ఉండను? ఈ గట్టుకు నేనేం ద్రోహం చేశాను?"

"చేశావో లేదో మాకు తెలియదు. తెలియకపోవడమే మా భయం. ఒకటే మట్టి ఎంచుకో. లేదంటే నీ పిల్లల కోసం కొండముచ్చు కేక వెయ్యదు."

తుంగమ్మ పిల్లల వంక చూసింది. వాళ్ల ఒంటిమీద పసితనపు చారలు ఇంకా పోలేదు. వెళ్లి ఎర్రమట్టిలో పొర్లింది. ఆనాటినుంచి వాగు వైపు అడుగు పెట్టలేదు. అవతలి నుంచి అక్కాచెల్లెళ్లు పిలిచినా పలకలేదు.

ఎండలు ముదిరాయి. ఒక మధ్యాహ్నం కొండ మీద కార్చిచ్చు రేగింది. గాలి దాన్ని వాగు వైపు తరిమింది. కొండముచ్చు గొంతు పోయేదాకా కేకలు వేసింది. జంతువులన్నీ వాగు ఒడ్డున వచ్చి పడ్డాయి. వెనుక మంట, ముందు ఊబి.

"తుంగమ్మా, దారి చూపించు," అన్నాడు కొమ్ములయ్య.

"నాకిప్పుడు తెలియదు పెద్దయ్యా. నడవడం మానేశాక దారి జరిగిపోయింది. వెతకాలి. నా వెనకే రండి, తొందరపడకండి."

ఆమె మూతి దించి, పొడిచి చూసి, ఒక అడుగు వేసింది. మళ్లీ పొడిచింది. నేల మెత్తగా ఉంటే వెనక్కి వచ్చి మరో పక్క చూసింది. నిప్పురవ్వలు వీపుల మీద రాలుతున్నాయి. పంది వెనక నిదానంగా నడవడం కొమ్ములయ్యకు చేతకాలేదు. "నా కాళ్లు పొడుగు" అంటూ ఒక్క దూకు దూకాడు. కొన్ని దుప్పులు ఆయన వెనకే దూకాయి. ఆ తోపులాటకు గట్టినేల అంచు విరిగింది.

తుంగమ్మ వెనక్కి తిరగలేదు. తిరిగితే వెనకున్నవాళ్లంతా ఆగిపోతారు. వెతుకుతూ, వెతుకుతూ అవతలి ఒడ్డు చేరింది.

అక్కడ అడవిదున్నలు కొమ్ములు దించి నిలబడ్డాయి. వచ్చినవాళ్లందరి మీదా ఎర్రమట్టి వాసనే. "నేను, తుంగమ్మను. వీళ్లు నావాళ్లు," అంది ఆమె. ఆ గొంతు పోల్చుకుని దున్నలు పక్కకు తప్పుకున్నాయి. మిగిలిన జంతువులన్నీ ఒక్కొక్కటిగా ఒడ్డెక్కాయి.

కొమ్ములయ్య, ఆయన వెనక దూకిన దుప్పులు, విరిగిన అంచు మీద ఉన్న తుంగమ్మ కడగొట్టు పిల్ల ఆ రోజు ఊబిలో మునిగిపోయారు.

నీతి: రెండు గట్లనూ ప్రేమించేవాళ్లను భయపెట్టి ఒక గట్టుకు కట్టేస్తే, ఆపద వచ్చిన రోజున అందరికీ దారి లేకుండా పోతుంది.