పలకరింపు బండ

అనగనగా ఒక అడవి. ఆ అడవి నడుమ ఒక నల్లబండ. నాలుగు ఏనుగులు పడుకున్నా ఇంకా చోటు మిగిలేంత పెద్దది. దాని పేరు పలకరింపు బండ.

పేరు వింతగా ఉందా? చెబుతాను, వినండి. ఆ అడవిలో ఎవరింట చావు జరిగినా, ఆ ఇంటివాళ్ళు వచ్చి ఆ బండ మీద కూర్చునేవాళ్ళు. మూడు పొద్దులు కూర్చోవాలి. ఆ మూడు పొద్దులూ మిగతా జంతువులు వంతులు వేసుకుని వచ్చి వాళ్ళ పక్కన కూర్చునేవి. ఒకరు పండు తెచ్చేవారు. ఒకరు లేత గడ్డి తెచ్చేవారు. ఇంకొకరు పులి వస్తుందేమోనని కాపలా కాసేవారు. ఏడ్చేవాళ్ళకి ఒళ్ళు తెలీదు కదా! పులి పక్కన వచ్చి నిలబడ్డా చూసుకోరు. అందుకే ఆ కాపలా.

అందరినీ పిలిచే పని ఒక కాకిది. దాని పేరు నీలాలు. బండ పక్కనే మద్దిచెట్టు మీద దాని గూడు. చావు కబురు అందగానే నీలాలు బండ మీద వాలి మూడుసార్లు గట్టిగా అరిచేది. ఆ అరుపు వింటే పులి తప్ప అందరూ వచ్చేవారు. అరవకపోతే ఎవరూ రారు. అది వాళ్ళ అమ్మమ్మ నాటి నుంచి వస్తున్న పని. ఆ పని తనదైనందుకు నీలాలుకి మహా గొప్ప. మెడ నిక్కించి నడిచేది. పని మంచిదే. అది చేసే తీరే బాగుండేది కాదు.

ఒకరోజు ఎలుగు తాత తడుముకుంటూ వచ్చాడు. తేనెపట్టు తీయబోతే తేనెటీగలు మొహమంతా కుట్టి, రెండు కళ్ళూ పోయాయి.

"అమ్మా నీలాలూ, ఓసారి అరిచిపెట్టు తల్లీ. నలుగురూ వచ్చి కాసేపు కూర్చుంటే బావుంటుంది" అన్నాడు.

"ఎవరు పోయారు తాతా?" అంది నీలాలు.

"ఎవరూ పోలేదు. నా కళ్ళు పోయాయి."

"కళ్ళా!" అని నవ్వింది నీలాలు. "కళ్ళకి కూడా పలకరింపులుంటాయా? ఇవాళ నీ కళ్ళకి అరిస్తే, రేపు నక్క పన్ను ఊడిందని వస్తుంది. చావు ఉంటేనే అరుపు. వెళ్ళు తాతా, వెళ్ళు."

"నాకు చీకటంటే భయం లేదమ్మా. ఇప్పపూలు రాలినప్పుడు నేలంతా ఎలా ఉంటుందో, అది ఇంక చూడలేను కదా అని..." అంటూ తాత ఆగిపోయాడు. నీలాలు అప్పటికే రెక్కలు సర్దుకుంటోంది. తాత చెట్లు పట్టుకుంటూ వెనక్కి నడిచాడు. రెండు చోట్ల తల కొట్టుకున్నాడు. కోతిపిల్లలు చూసి నవ్వాయి. మీరైతే నవ్వేవారు కాదనుకుంటాను.

కొన్నాళ్ళకి కొండముచ్చు పిల్ల జబ్బుచేసి చచ్చిపోయింది. ఇది చావే కాబట్టి నీలాలు అరిచింది. అందరూ వచ్చారు. మూడు పొద్దులూ దగ్గరే ఉన్నారు. నాలుగో పొద్దున నీలాలు బండ శుభ్రం చేద్దామని దిగింది. చూస్తే కొండముచ్చు ఇంకా అక్కడే ఉంది. చచ్చిన పిల్లని ఒళ్ళో పెట్టుకుని, తలలో పేలు చూస్తోంది.

"వదినా, మూడు పొద్దులూ అయ్యాయి. ఇంక దింపు" అంది నీలాలు.

"ఇంకొక్క పొద్దు ఉండనీ."

"అందరికీ మూడే. మా అమ్మమ్మ నాటి నుంచీ మూడే. నీకొక్కదానికే ఎక్కువ ఏడుపు వచ్చిందా ఏం?"

"ఎంత వచ్చిందో నాకేం తెలుసు నీలాలూ? వీడు బరువే లేడు. దింపితే చేతులు ఖాళీ అయిపోతాయి."

"చూసినవాళ్ళు నవ్విపోతారు. లే, లే."

కొండముచ్చు పిల్లని గుండెకి హత్తుకుని కొమ్మెక్కింది. కొమ్మ మీంచి కొమ్మకి దూకుతూ కొండల వైపు వెళ్ళిపోయింది. ఆ అడవిలో దాన్ని మళ్ళీ ఎవరూ చూడలేదు. నీలాలు బండ మీది ఆకులు ముక్కుతో పక్కకి నెట్టి, పని అయిందనుకుంది.

ఆ తర్వాత వానాకాలం వచ్చింది. వాగు పొంగింది. వాగు తగ్గుతుండగా ఒక చుక్కలదుప్పి బండ దగ్గరికి వచ్చింది. కాళ్ళనిండా ముళ్ళ గీతలు.

"నీలాలక్కా, అరవ్వా? నా పిల్ల కనపడట్లేదు. ఆరు రోజులైంది" అంది.

"శవం ఏది?"

"శవం లేదు."

"పోనీ, ఎముకైనా?"

"ఏదీ లేదక్కా. పులి పట్టుకుంటే నెత్తురు మరకైనా కనపడాలి కదా. ఎంత వెతికినా అదీ లేదు."

"అయితే బతికే ఉందేమో!" అంది నీలాలు. "బతికున్న పిల్లకి చావు కబురు పెట్టమంటావా? రేపు అది గెంతుకుంటూ వస్తే నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

"పోయిందని తెలిస్తే ఏడుస్తాను. ఉందని తెలిస్తే వెతుక్కుంటాను. ఏదీ తెలీకే కదా అక్కా ఈ బాధ! మింగలేను, కక్కలేను. పోయిందని చెప్పొద్దులే. ఊరికే అరిచిపెట్టు. కాసేపు నలుగురి మధ్య కూర్చుంటాను. నాకు ఒళ్ళు తెలియట్లేదు."

అడిగింది మూడు అరుపులు. నోరు తెరిస్తే అయిపోయేది. నీలాలు తెరవలేదు.

"శవం తీసుకురా, అరుస్తాను" అంది.

దుప్పి తల ఊపింది. మళ్ళీ వాగు వైపు నడిచింది. పిల్లని పిలుస్తూ, పొదపొదా చూస్తూ పోయింది. వాగు ఒడ్డున రెల్లులో పులి పడుకుని ఉంది. మామూలప్పుడైతే దుప్పి వాసన బట్టే పసిగట్టేది. ఆ రోజు పసిగట్టలేదు. కాపలాకి ఎవరూ లేరు. తర్వాత ఏం జరిగిందో మీకు చెప్పక్కర్లేదు.

అది జరిగిన మూడో పొద్దున దుప్పిపిల్ల వచ్చింది. అవును, బతికే ఉంది. వరద దాన్ని వాగు అవతలికి తోసేసింది. నీళ్ళు తగ్గేదాకా పాపం అక్కడే చిక్కుకుపోయింది. కుంటుకుంటూ బండ దగ్గరికి వచ్చి తల ఎత్తింది.

"కాకి అత్తా, మా అమ్మ ఏది?"

తల్లి ఆ మూడు పొద్దులూ ఈ బండ మీద కూర్చుని ఉంటే, పిల్ల వచ్చి నేరుగా పొదుగు కింద దూరేది. ఆ మాట నీలాలుకి తెలుసు.

ఇప్పుడు శవం ఉంది కదా! రెల్లులో ఎముకలున్నాయి. నీలాలు మూడుసార్లు అరిచింది, ఎన్నడూ అరవనంత గట్టిగా. అందరూ వచ్చారు. అడవిలోకెల్లా లేత గడ్డి తెచ్చి పిల్ల ముందు పెట్టారు. అది ఒక్క పరకైనా ముట్టలేదు. మూడో పొద్దు వాలుతుంటే నోరు విప్పింది.

"మా అమ్మ కూడా ఇక్కడికి వచ్చిందట కదా. అప్పుడు మీరంతా ఎక్కడున్నారు?"

అందరూ నీలాలు వైపు చూశారు. నీలాలు నేల వైపు చూసింది. గూటికి చేరాక మాత్రం, "నా తప్పేముంది? శవం లేదు కదా" అని తనకి తనే చెప్పుకుంది. తప్పు చేసినవాళ్ళకి నిద్ర పట్టాలంటే అలాంటి మాట ఒకటి కావాలి.

మళ్ళీ ఎండలొచ్చాయి. నీలాలు గుడ్లు పెట్టింది. పెద్ద గాలి వచ్చి గూడు సగం విరిగింది. గుడ్లన్నీ కిందపడి పగిలి ఒక్కటే మిగిలింది. ఆ ఒక్కదాన్నీ కడుపు కింద దాచుకుని, వానకీ ఎండకీ కదలకుండా పొదిగింది. పిల్ల పుట్టింది. నల్లగా నిగనిగలాడుతూ ఉన్నాడు. బుల్లోడు అని పేరు పెట్టుకుంది.

వాడి ఆకలి ఇంతా అంతా కాదు. మిడతలు, పురుగులు, పండిన రావికాయలు, ఏది తెచ్చినా గుటుక్కున మింగి మళ్ళీ నోరు తెరిచేవాడు. నీలాలు తను తినేది కూడా వాడి నోట్లోనే పెట్టేది. చిక్కి సగమైంది. అయినా మొహంలో ఆ వెలుగే వేరు.

"కా అను నాన్నా" అనేది.

"కూ" అనేవాడు.

"కా, రా కన్నా!"

"కు... కూ."

"గొంతు ఇంకా విచ్చుకోలేదు" అని ఇరుగుపొరుగుకి చెప్పేది. వాళ్ళు మొహమొహాలు చూసుకునేవారు. వాడు ఎవరో అడవంతటికీ తెలుసు. కోయిల తన గుడ్డు కాకి గూట్లో పెట్టిపోతుందని మీకూ తెలుసు. తెలియనిది నీలాలుకే. తెలిసినా తెలియనట్టు ఉందేమో, అది నేను చెప్పలేను.

ఒక ఉదయం ఇప్పచెట్టు మీద కోయిలలు కూశాయి. బుల్లోడు మెడ ఎత్తాడు. వాడి గొంతులోంచి "కుహూ" అని ఒక పెద్ద కూత వచ్చింది. ఎంత తీయగా ఉందంటే, గడ్డి మేసేవాళ్ళు మేత ఆపి విన్నారు.

"అమ్మా, వాళ్ళు నాలాగే మాట్లాడుతున్నారే!" అన్నాడు బుల్లోడు. వాడి ఆనందం అంతా ఇంతా కాదు. "చూసి వచ్చేస్తానమ్మా" అని ఎగిరాడు.

రాలేదు.

నీలాలు ముక్కున మిడత పట్టుకుని పొద్దు గూకేదాకా గూటి అంచున కూర్చుంది. మర్నాడు తెల్లవారాక బండ మీదికి దిగింది. మిడతని తన కాళ్ళ ముందు పెట్టుకుంది. తన కోసం తనే మూడుసార్లు అరిచింది. మూడో అరుపుకి గొంతు జీరపోయింది.

అరుపు విని అందరూ వచ్చారు.

"ఎవరు పోయారు నీలాలూ?" అంది అడవిపంది.

"మా బుల్లోడు."

"అయ్యో! చచ్చిపోయాడా?"

"లేదు. వెళ్ళిపోయాడు."

అప్పుడే ఇప్పచెట్టు మీంచి "కుహూ, కుహూ" అని వినపడింది. నక్క పకపకా నవ్వింది. "అదుగో, హాయిగా పాడుకుంటున్నాడు! అయినా వాడు నీ కొడుకేమిటి? కోయిల కొడుకు!"

అడవిపంది నవ్వలేదు. దానికి నీలాలంటే జాలే. కానీ నెమ్మదిగా, "చావు ఉంటేనే అరుపు అన్నది నువ్వే కదమ్మా. మేం నీ మాటే కదా పాటిస్తున్నాం" అంది.

ఒకరి వెనక ఒకరు వెళ్ళిపోయారు. దుప్పిపిల్ల మాత్రం ఆగింది. అప్పటికి అది తల్లంత ఎత్తు పెరిగింది. నీలాలు వైపు చాలాసేపు చూసింది. దగ్గరికి వస్తుందేమోనని నీలాలు కాస్త జరిగి చోటిచ్చింది. దుప్పిపిల్ల తల తిప్పుకుని మేతకి వెళ్ళిపోయింది. దాన్ని నేను తప్పుపట్టను. మీరూ పట్టకండి.

బండ కాలిపోతోంది. మిడతకి చీమలు పట్టాయి. నీలాలు ఒక్కో చీమనీ ముక్కుతో తీసి పక్కన పడేసింది. బుల్లోడి మిడతని పారేయబుద్ధి కాలేదు. అప్పుడు నీలాలుకి కొండముచ్చు గుర్తొచ్చింది. చచ్చిన పిల్ల తలలో పేలు చూడటం గుర్తొచ్చింది. "వదినా!" అని గట్టిగా ఏడ్చింది. వినడానికి వదిన ఎక్కడుంది?

ఎవరో బండని తడుముతున్న చప్పుడైంది. ఎలుగు తాత! మెల్లగా ఎక్కి పక్కన చతికిలబడ్డాడు.

"చావేం జరగలేదు తాతా. నువ్వూ వెళ్ళిపో" అంది నీలాలు.

"నీ పిల్ల కాకో కోయిలో నేను చూశానా పెట్టానా? ఏడుపు వినపడింది, వచ్చాను."

"నిన్ను నేను పొమ్మన్నాను కదా."

"అన్నావు. ఆ కోపం ఇంకా ఉంది, పోయిందనుకోకు" అన్నాడు తాత. "కానీ ఈ బండ మీద ఒక్కళ్ళే కూర్చుంటే ఎలా ఉంటుందో నాకు తెలుసు. నువ్వు పొమ్మన్నాక మర్నాడు మళ్ళీ వచ్చి, మూడు పొద్దులూ ఒక్కణ్ణే కూర్చున్నాను."

నీలాలు గూడు బండ పక్కనే. ఆ మూడు పొద్దులూ అది తాతని చూసింది. ఎండ కాచుకుంటున్నాడనుకుంది.

నీలాలు తాత వైపు జరిగి, "ఇది ఎప్పుడు తగ్గుతుంది తాతా?" అని అడిగింది.

"ఏమో. నా కళ్ళయితే ఇంకా రాలేదు" అన్నాడు తాత.

అంతకు మించి ఓదార్పు మాటలేవీ ఆయన చెప్పలేదు. మూడు పొద్దులూ అలాగే కూర్చున్నాడు. నాలుగో పొద్దున కూడా లేవలేదు. నీలాలు లేచాకే లేచాడు.

అప్పటి నుంచి నీలాలు "ఎవరు పోయారు?" అని అడగడం మానేసింది. చెట్టు కూలి గూడు పోయిన ఉడుత వచ్చినా అరిచింది. పొదిగినా పిల్ల కాని గుడ్డు కోసం ఏడ్చిన కౌజుపిట్ట వచ్చినా అరిచింది. ఎన్ని పొద్దులని లెక్క పెట్టలేదు. మొదట్లో అడవి గొణిగింది, తర్వాత అలవాటు పడింది. కొండముచ్చు మాత్రం తిరిగి రాలేదు. ఎండలొచ్చినప్పుడల్లా ఇప్పచెట్టు మీద కోయిల కూస్తుంది. ఎంత బాగా పాడుతోందో అని అందరూ మురిసిపోతారు. నీలాలు రెక్కలో తల దూర్చుకుంటుంది.

దుప్పిపిల్ల ప్రతి పలకరింపుకీ వస్తుంది. ఏడ్చేవాళ్ళ ముందు లేత గడ్డి పెడుతుంది. వాళ్ళని ఆనుకుని కూర్చుంటుంది. కానీ నీలాలు పక్కన మాత్రం ఒక్కనాడూ కూర్చోలేదు.

నీతి: ఎదుటివాళ్ళ ఏడుపు సబబేనా అని తూచకండి, ముందు వెళ్ళి పక్కన కూర్చోండి, ఆలస్యంగా తెలిసిన జాలి కొందరి దగ్గరికి ఎప్పటికీ చేరదు.