సోమవ్వ బారెడు గోడ

అనగనగా, బంగారూ, కొండల సందులో ఒక ఊరు, ఆ ఊళ్ళో నల్లరాతి వీరభద్రుడి గుడి. పంట ఇంటికొచ్చిందంటే చాలు, గుర్రాల మీద దోపిడీ దండు వచ్చి పడేది. వరసగా మూడేళ్ళు వచ్చింది. మూడోసారి గుడిగంట కూడా పట్టుకుపోయింది. దేవుడికి కోపం వచ్చిందో లేదో గానీ ఊరిపెద్ద నాగిరెడ్డికి వచ్చింది.

"గుడి చుట్టూ కోట కడదాం. ఇంటికో బారెడు గోడ. కట్టని ఇంటికి లోపల చోటు లేదు," అన్నాడు. తన బారెడు మాత్రం పనివాళ్ళ చేత కట్టించాడులే.

అప్పుడు ఊరంతా రాళ్ళు మోసింది. గోడ మూడు నిలువుల ఎత్తు లేచింది. మధ్యమధ్య బాణం పోయేంత సందులు, మూలమూలా ఏనుగంత లావు బురుజులు, లోపల ఇంటికో ధాన్యపు గది. తలెత్తి చూస్తే మెడ పట్టేసేది.

ఒక్క బారెడే మిగిలింది. అది సోమవ్వది. మొగుడు పోయాడు, ఒళ్ళో చంటిపిల్ల. ఆమె మోయగలిగినవి కొబ్బరికాయంత రాళ్ళే. దండు వచ్చేలోగా కట్టకపోతే తల్లీబిడ్డా బయటే.

ఆమెకు అటువైపు ఓబన్న గోడ, ఇటువైపు గంగన్న గోడ. అన్నదమ్ములే. ఒక గుమ్మడికాయ గురించి మూడేళ్ళుగా మాటల్లేవు. కాయ ఎప్పుడో కుళ్ళిపోయింది, కోపం మాత్రం నిలవుంది.

ఆ తర్వాత రాతిపని తిమ్మన్న గోడ చూడటానికొచ్చాడు. ఒక ఇంటి గోడకీ పక్కింటి గోడకీ మధ్య నిలువునా చీలిక. అందులో అరచెయ్యి దూర్చాడు.

"పక్కవాడి రాయి తగలకుండా కట్టుకున్నారా? ఒక్క తోపుకి పడిపోతుందయ్యా! మీ రాయి సగం పక్కవాడి గోడలోకి పోవాలి."

నాగిరెడ్డి దగ్గాడు. ఊరంతా చీలికల దగ్గర రాళ్ళు విప్పి మళ్ళీ కట్టింది.

అప్పుడు సోమవ్వ అన్నదమ్ముల దగ్గరికి వెళ్ళింది. "అన్నా, మీ పొడుగు రాళ్ళ కొసలు నా బారెడులోకి రానివ్వండి. సందులు నేను నింపుతా."

ఓబన్న రాయి ఎత్తాడు, లేవలేదు. గంగన్న ఎత్తాడు, లేవలేదు.

"ఏం, రాయి కూడా మీతో మాటలు మానేసిందా?" అంది సోమవ్వ.

ఓబన్న ఎటో చూస్తూ, "అటు పట్టుకోరా," అన్నాడు. గంగన్న పట్టుకున్నాడు. రాయి లేచింది.

సోమవ్వ బారెడు పూర్తయిందో లేదో, దండు రానే వచ్చింది. ఊరంతా లోపల, సోమవ్వ బిడ్డతో లోపల. సున్నం ఇంకా ఆరని చోటు చూసి, సోమవ్వ బారెడునే పెద్ద దుంగతో గుద్దారు. ఒకసారి గుద్దితే దుమ్ము రాలింది. రెండోసారి పిట్టలు లేచాయి. మూడోసారి దుంగ చీలింది. గుర్రాలమీద వాళ్ళు తలెత్తి గోడను చూసి, చూసి, వెనక్కి తిరిగారు.

ఆ తర్వాత నాగిరెడ్డి గోడమీద చెయ్యి వేసి తడిమాడు. ఓబన్నది ఎక్కడ ఆగిందో, సోమవ్వది ఎక్కడ మొదలైందో ఆయనకి దొరకలేదు. ఈరోజుకీ ఎవరికీ దొరకలేదు.

కథ కంచి దారి పట్టింది, మన కంటికి నిద్ర పట్టింది.