గొంతు మీద కత్తి, చెవి పక్కన ఢంకా

ఒకానొక రాజ్యం అనుకోండి, పేరేదైతేనేం. దాన్నేలే ప్రచండవర్మకు తన తెలివి మీద వల్లమాలిన నమ్మకం.

ఆయన కోటలో పనివాళ్ల మీద అజమాయిషీ వీరన్నది. మావటి మల్లప్ప పొద్దున్నే నాలుగు చీవాట్లు పడితేగాని కదలడు, అందుకని వీరన్న తప్పకుండా పెట్టేవాడు. వంటశాలలో పేరిందేవికి "అమృతం తల్లీ!" అంటే చాలు, మర్నాడు ఇంకో రెండు కూరలు చేసేది. క్షురకుడు కోటయ్య పనిలో ఉంటే మాత్రం వీరన్న పెదవి విప్పేవాడు కాదు. పాపం, ఎవరు గట్టిగా తుమ్మినా కోటయ్య చెయ్యి వణికేది.

ఇదంతా రాజుగారి కంట పడింది.

"ఒకరికి తిట్లు, ఒకరికి పొగడ్తలు, ఒకరికి మౌనమా? ఇదెక్కడి పద్ధతి! మొన్న సైనికుల చెవి దగ్గర ఢంకా కొట్టించి, 'త్వరగా! లేకుంటే తల తీయిస్తా!' అన్నాను. ఎలా పరుగెత్తారో చూశావుగా? రేపట్నుంచి అందరికీ అదే మందు. ఒక్కరిని మినహాయించావో, నీ కొలువు ఊడినట్టే!"

"చిత్తం ప్రభూ" అన్నాడు వీరన్న.

మర్నాడు ఢంకా మోగింది. పేరిందేవి అదిరిపడి ఉప్పు కుండ మొత్తం పులుసులో వదిలేసింది. ఏనుగేమో ఊరేగింపనుకుని, మీద నిద్రపోతున్న మల్లప్పతో సహా ఊరంతా తిరిగొచ్చింది. రాజుగారు ఆ పులుసు తాగి, కళ్ల నీళ్లు తుడుచుకుంటూ, "నాలుగు రోజుల్లో అలవాటవుతుందిలే" అన్నారు.

సాయంత్రం కోటయ్య వచ్చి వీరన్న కాళ్ల మీద పడబోయాడు. "అయ్యా, రేపు ప్రభువుల క్షౌరం. ఆ మోతకు నా చెయ్యి ఆగదు. గాటు పడితే దేశం వదిలి పొమ్మంటారు. ఈ వయసులో ఎక్కడికి పోను?"

వీరన్న అతన్ని పట్టి ఆపాడు. "నీ పని నువ్వు చేసుకో కోటయ్యా. ఢంకా సంగతి నేను చూసుకుంటాను" అన్నాడు.

తెల్లవారింది. గడ్డం సగం గీయడం అయింది. కత్తి సరిగ్గా రాజుగారి గొంతు మీదికి వచ్చేసరికి, వీరన్న ఢంకా మోసుకొచ్చి ఆయన చెవి పక్కన పెట్టి కర్ర ఎత్తాడు.

"ఏం చేస్తున్నావు?" అన్నాడు రాజు పెదవులు కదపకుండా.

"తమరి ఆజ్ఞే ప్రభూ. కోటయ్యను తొందరపెట్టాలి. ముందు ఢంకా, తరవాత తల తీయిస్తానని కేక."

అది వినగానే కోటయ్య చెయ్యి వణకడం మొదలైంది. దానితోపాటు కత్తీ వణికింది.

"వద్దు! ఆపు!"

"మినహాయింపు లేదన్నారు కదా. నా కొలువు పోతుంది."

"మూర్ఖుడా, ఇక్కడ పోయేది నా తల!"

"అయితే ఎవరి తల తీయిస్తానని కేకెయ్యమంటారు ప్రభూ?"

"కోటయ్యకు మినహాయింపు ఇచ్చాను!"

"మరి పేరిందేవికి?"

కత్తి ఇంకా వణుకుతూనే ఉంది.

"అందరికీ ఇచ్చాను! ఎవరితో ఎలా మాట్లాడాలో నువ్వే చూసుకో!"

వీరన్న కర్ర దించాడు. కోటయ్య చెయ్యి కుదుటపడింది. మిగతా గడ్డం ఒక్క గాటైనా పడకుండా పూర్తయింది.

రాజు మెడ తడుముకుంటూ అడిగాడు. "సరే వీరన్నా, మల్లప్పకు తిట్లు, పేరిందేవికి పొగడ్తలు. మరి నా విషయంలో నీ పద్ధతేమిటి?"

"తమరు గడ్డం గీయించుకునేటప్పుడే మాట్లాడతాను ప్రభూ. ఆ కాసేపే తమరు కదలకుండా వింటారు."

రాజు గుడ్లురిమి చూశాడు. ఆ వెంటనే పొట్ట పట్టుకుని నవ్వాడు. మెడలోని ముత్యాల హారం తీసి వీరన్నకు వేసి, కోటయ్యకు శాలువా కప్పించాడు. ఢంకా మాత్రం ఏనుగుకు దక్కింది. దానికి ఊరేగింపంటే మోజు పుట్టింది మరి!